పండుగ పూట రేడియో: లండన్ క్రిస్మస్ నుంచి బెజవాడ ఉగాది దాకా

పండుగ అంటే ఈనాటి మన పిల్లలకి టీవీలో స్పెషల్ ప్రోగ్రాం, లేకపోతే ఫోన్లో వీడియో కాల్. అంతకు ముందు ఒక తరానికి పండుగ అంటే రేడియో. తెల్లవారుజామున నాదస్వరంతో మొదలై రాత్రి కవి సమ్మేళనంతో ముగిసే ఆ ఒక్క రోజు కార్యక్రమం కోసం వారం ముందు నుంచే బ్యాటరీలు కొని పెట్టుకునేవాళ్ళం. మన సంఘంలో పెద్దవాళ్ళు నలుగురు కలిస్తే ఈ మాట రాకుండా ఉండదు. అయితే ఆ కబుర్లలో తారీఖులు, పేర్లు కలగాపులగం అయిపోతున్నాయి. అందుకని నాకు తెలిసినంతలో పండుగ నాటి రేడియో చరిత్రని ఒకచోట వరుసగా రాసి పెడుతున్నాను. చివర్లో మన ఇళ్ళల్లో ఉన్న పాత క్యాసెట్ల గురించి ఒక ముఖ్యమైన విన్నపం ఉంది, దయచేసి అక్కడిదాకా చదవండి.

ముందుగా లండన్ సంగతి

పండుగ రోజున దేశమంతా ఒకే సమయానికి ఒకే కార్యక్రమం వినడం అనే అలవాటుకి పేరు తెచ్చింది బ్రిటన్. 1932 క్రిస్మస్ రోజున ఐదవ జార్జి చక్రవర్తి శాండ్రింగ్‌హామ్ భవనం నుంచి రేడియోలో మాట్లాడారు. ఆ ప్రసంగం రాసిచ్చింది రుడ్యార్డ్ కిప్లింగ్. మధ్యాహ్నం 3 గంటల వేళని ఎంచుకోవడానికి కారణం ఉంది. షార్ట్‌వేవ్ మీద ఎక్కువ దేశాలకి అందే వేళ అదేనని లెక్క వేశారు. ఆ 3 గంటల ఆనవాయితీ ఇప్పటికీ నడుస్తోంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో రేషన్ వెంటనే పోలేదు. యుద్ధంలో కూడా లేని బ్రెడ్ రేషన్ 1946లో పెట్టారు. రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954లోనే. పండుగకి కేకులోకి పంచదార చాలని ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ సమానంగా అందిన వినోదం రేడియో ఒక్కటే. రేడియో లైసెన్సులు కోటికి పైగా ఉండేవి. 1945 జూలైలో బీబీసీ 'లైట్ ప్రోగ్రామ్' అని పాటలకీ, హాస్యానికీ ఒక విభాగం మొదలు పెట్టింది. వార్తలూ, ప్రసంగాలూ, నాటకాలూ 'హోమ్ సర్వీస్'లో వచ్చేవి. క్రిస్మస్ ముందురోజు కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ ప్రార్థనా మందిరం నుంచి భక్తి గీతాలు వచ్చేవి. ఈ ప్రసారం 1928 నుంచీ ఉంది. పండుగ నాడు మధ్యాహ్నం ఆరవ జార్జి సందేశం. ఆయనకి చిన్నప్పటి నుంచీ నత్తి. ఏటా ఆ కాసేపు మాట్లాడటానికి ఎంత శ్రమ పడేవారో వినేవాళ్ళకి తెలుసు. 1951లో ఊపిరితిత్తి ఆపరేషన్ అయ్యాక ఇక ప్రత్యక్షంగా మాట్లాడలేక ముందుగానే రికార్డు చేయించారు. 1952 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. ఆ డిసెంబరులో ఎలిజబెత్ రాణి గొంతు మొదటిసారి ఆ సమయానికి వినిపించింది.

మన గల్ఫ్ వాళ్ళకి ఇంకో సంగతి బాగా నచ్చుతుంది. యుద్ధం అయిపోయినా వేలమంది బ్రిటిష్ సైనికులు జర్మనీలోనే ఉండిపోయారు. వాళ్ళకీ, ఇంటి దగ్గరున్న వాళ్ళకీ మధ్య ఆదివారం మధ్యాహ్నం పాటలు, పలకరింపులు అందించే 'టూ వే ఫ్యామిలీ ఫేవరెట్స్' అనే కార్యక్రమం వచ్చేది. లండన్‌లో జీన్ మెట్‌కాఫ్, హాంబర్గ్‌లో క్లిఫ్ మిచెల్మోర్ దాన్ని నడిపేవారు. ఒకరి మొహం ఒకరు చూడకుండా లైన్లో మాటలతోనే పరిచయమై 1950లో పెళ్ళి చేసుకున్నారు! పొట్టకూటికో, డ్యూటీకో దూరదేశంలో ఉన్నవాడికి ఇంటి నుంచి ఒక పాట అందడం ఎంత విలువైనదో మనకి ఒకరు చెప్పనక్కర లేదు కదా.

ఆ పద్ధతి మన దాకా ఎలా వచ్చింది

మన దేశంలో రేడియో మొదలైంది ఔత్సాహికుల చేతుల మీదుగా. 1924లో మద్రాసులో సి.వి. కృష్ణస్వామి శెట్టి మరికొందరు కలిసి రేడియో క్లబ్బు పెట్టి ప్రసారాలు చేశారు. డబ్బు చాలక అది 1927లో ఆగిపోయింది. 1935లో బీబీసీ నుంచి లయొనెల్ ఫీల్డెన్ అనే ఆయన వచ్చి మన దేశ ప్రసారాల బాధ్యత తీసుకున్నారు. 1936 జూన్‌లో 'ఆల్ ఇండియా రేడియో' అనే పేరు పెట్టారు. కాబట్టి కార్యక్రమాల పత్రిక అచ్చువేయడం, నిమిషాల లెక్కన కార్యక్రమం నడపడం, పండుగకి ప్రత్యేక ప్రసారం చేయడం వంటి పద్ధతుల్లో బీబీసీ ముద్ర కనిపిస్తుంది. 'ఆకాశవాణి' అన్న మాట మాత్రం అచ్చంగా మనది. 1935లో మైసూరులో ప్రొఫెసర్ ఎం.వి. గోపాలస్వామి పెట్టిన స్టేషన్‌కి ఆ పేరు ఉండేది. తరువాత దేశమంతా అదే పేరు వాడుకలోకి వచ్చింది. 2023 మే నెల నుంచి ప్రసారభారతి అధికారికంగా ఆ ఒక్క పేరునే వాడుతోంది.

తెలుగు వాళ్ళకి మొదట దిక్కు మద్రాసు స్టేషనే. 1938 జూన్ 16న అది మొదలైంది. తమిళంతో పాటు తెలుగు కార్యక్రమాలు అక్కడి నుంచే వచ్చేవి. రేడియో అన్నయ్యగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అక్కయ్య కామేశ్వరి గారు పిల్లల కార్యక్రమం నడిపిందీ అక్కడే. తరువాత వారు హైదరాబాదు వచ్చేశారు. నిజాం రాజ్యంలో 'దక్కన్ రేడియో' ఉండేది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా వినిపించేది. 1950 ఏప్రిల్‌లో అది ఆల్ ఇండియా రేడియోలో కలిసింది.

స్వాతంత్ర్యం నాటికి మన దేశం వాటాకి వచ్చిన ఆల్ ఇండియా రేడియో స్టేషన్లు ఆరే: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో. వీటిలో తెలుగు గడ్డ మీద ఒక్కటీ లేదు. ఆ లోటు తీర్చింది విజయవాడ. 1948 డిసెంబరు 1న స్టేషన్ మొదలైంది. అంటే బెజవాడ రేడియోకి వచ్చిన తొలి ఉగాది 1949 మార్చి చివరలో వచ్చిన విరోధి నామ సంవత్సరాది. పేరుకి విరోధి గానీ, తెలుగు వాళ్ళకి మంచి స్నేహితుణ్ణే ఇచ్చింది! 1963లో విశాఖపట్నం, కడప కూడా వచ్చి చేరాయి.

ఇంకో మాట చెప్పుకోవాలి. ఆ రోజుల్లో రేడియో ఉద్యోగులంటే మామూలు ఉద్యోగులు కారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు, త్రిపురనేని గోపీచంద్, మునిమాణిక్యం నరసింహారావు, దాశరథి, బాలాంత్రపు రజనీకాంతరావు... వీరంతా ఏదో ఒక కాలంలో రేడియోలో పనిచేసినవారే. సినిమాల్లోకి రాకముందు కొంగర జగ్గయ్య గారు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివారు. ఇంతమంది ఒకే ఇంట్లో ఉంటే ఇక పండుగ కార్యక్రమానికి లోటేముంటుంది?

ఉగాది నాటి వరుస

కార్యక్రమాల వేళలు ఏళ్ళ తరబడి మారుతూ వచ్చాయి. 1970లలో కృష్ణా జిల్లాలో నేను విన్న వరుస ఇది. స్థూలంగా అన్ని తెలుగు స్టేషన్లలోనూ ఇదే తరహా ఉండేది.

తెల్లవారుజామున ముందు ఆ పాత పరిచయ సంగీతం. తంబురా శ్రుతి మీద వయొలిన్. దీన్ని కట్టినది వాల్టర్ కాఫ్‌మన్ అనే చెకోస్లొవాకియా యూదు సంగీతజ్ఞుడు. హిట్లర్ బాధ పడలేక బొంబాయి చేరి 1946 దాకా రేడియోలో పనిచేశారు. తరువాత వందేమాతరం, మంగళవాద్యం, ఆ పైన భక్తిరంజని. ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, బాలమురళీకృష్ణ వంటి వారి గొంతులతో ఇల్లంతా తలంటు వాసనా, మామిడాకుల వాసనా కలిసిపోయేవి.

6:45కి విజయవాడ ప్రాంతీయ వార్తలు. 1974 నుంచి 6:55కి సంస్కృత వార్తలు కూడా చేరాయి. ఆ వెనుక ఢిల్లీ తెలుగు వార్తలు. తరువాత అసలు ఘట్టం పంచాంగ శ్రవణం. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అనే ఐదు అంగాలు చెప్పి, కొత్త సంవత్సరానికి రాజెవరు, మంత్రెవరు, సస్యాధిపతి ఎవరు అని నవనాయకుల ఫలం చదివేవారు. వర్షం ఎలా ఉంటుంది, ఏ ధాన్యం పండుతుంది, ధరలు ఎటు పోతాయి అన్నది వినడానికి రైతులు పలుపు చేతిలో పట్టుకునే అరుగు దగ్గర నిలబడేవారు. నమ్మకం ఉన్నవాడూ లేనివాడూ కూడా వినేవాడు. ఊరి గుడిలో పంతులు గారు చెప్పేది ఊరికి చెల్లుతుంది, రేడియోలో వచ్చేది రాష్ట్రానికంతటికీ చెల్లుతుంది అని ఒక మర్యాద!

మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం, ఉగాది పచ్చడి గురించిన మాటామంతీ, సినిమా పాటలు. సాయంత్రం గ్రామస్థుల కార్యక్రమంలో పల్లెపాటలు, ఒక్కోసారి బుర్రకథ, హరికథ. రాత్రికి సంగీత రూపకం గానీ నాటకం గానీ. అన్నిటికీ మకుటం కవి సమ్మేళనం. కవులు తమ కొత్త పద్యాలూ, వచన కవితలూ తామే చదివేవారు. పుస్తకంలో పేరు చూడటమే తప్ప గొంతు ఎరగని కవిని మా ఊరి జనం మొదట విన్నది ఇలాగే. సంప్రదాయ పద్యం, అభ్యుదయ కవిత్వం, వచన కవిత్వం ఒకే గంటలో పక్కపక్కన కూర్చునేవి.

ఒక పండుగకి ఒక ప్రసారం గుర్తుగా స్థిరపడిపోవడం మన ఒక్కరికే కాదు. బెంగాల్లో మహాలయ అమావాస్య తెల్లవారుజామున కలకత్తా రేడియో 'మహిషాసురమర్దిని' ప్రసారం 1930ల నుంచీ ఉంది. 1976లో బీరేంద్ర కృష్ణ భద్ర గొంతుని తీసేసి సినిమా నటుడు ఉత్తమ్ కుమార్‌తో కొత్తగా చేయిస్తే శ్రోతలు ఊరుకోలేదు. మళ్ళీ పాతదే తేవలసి వచ్చింది. పండుగ గొంతుని మారిస్తే జనం పండుగనే మార్చినట్టు భావిస్తారు.

భద్రాచలం కళ్యాణం

ఉగాది తరువాత తొమ్మిదో రోజు శ్రీరామనవమి. భద్రాచలం నుంచి సీతారామ కళ్యాణ ప్రత్యక్ష వ్యాఖ్యానం తెలుగు రేడియోకి కిరీటం లాంటిది. బొమ్మ లేకుండా పెళ్ళి చూపించాలి. పెళ్ళిపీటలు, తెర, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, భక్తుల కోలాహలం అన్నీ మాటతోనే కళ్ళకు కట్టాలి. ఈ విద్యలో ఉషశ్రీ గారిది ప్రత్యేక స్థానం. అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, జీవితకాలం 1928 నుంచి 1990. విజయవాడ నుంచి ఆయన రామాయణ భారతాలు, 'ధర్మసందేహాలు' వచ్చే వేళకి వీధులు నిశ్శబ్దంగా ఉండేవి. టీవీ ఇంటింటికీ రాని కాలంలో, భద్రాచలం వెళ్ళలేని ముసలివాళ్ళు రేడియో ముందే అక్షతలు వేసేవారు.

అదే 1949లో జెద్దా

ఇప్పుడు మనం ఉంటున్న దేశం సంగతి. బెజవాడ రేడియో తొలి ఉగాది చేసుకున్న ఏడాదే సౌదీ రేడియో కూడా పుట్టింది. అదీ పండుగ వేళలోనే! హిజ్రీ 1368 జిల్‌హజ్ 9న, అంటే 1949 అక్టోబరు 1న, హజ్ యాత్రికులు అరఫాత్ మైదానంలో నిలిచే రోజున జెద్దా నుంచి మొదటి ప్రసారం జరిగింది. రాజు అబ్దుల్ అజీజ్ తరఫున ఆయన కుమారుడు ఫైసల్ హాజీలకు స్వాగత సందేశం ఇచ్చారు. మర్నాడే బక్రీదు. రేడియో యంత్రం మీద మొదట్లో మతపెద్దలకి అనుమానాలుంటే, రాజుగారు వైర్‌లెస్ మీద ఖురాన్ పఠనం వినిపించి ఒప్పించారని ఒక కథ చెప్పుకుంటారు. హాజీలు అనేక దేశాల వారు కాబట్టి అరబ్బీతో పాటు ఉర్దూ, ఇండోనేషియా భాషలు కూడా త్వరలోనే చేరాయి. హైదరాబాదు, కర్నూలు, కడప నుంచి వచ్చిన మన ముస్లిం సోదరులకి ఆ ఉర్దూ ప్రసారం ఎంతో ఆసరా. దహ్రాన్‌లో అరామ్‌కో కంపెనీ 1957లో టీవీ స్టేషనే పెట్టింది. మన భాష మాత్రం ఆకాశం దాటి రావలసిందే.

సౌదీలో మనం ఎలా విన్నాం

నేను 1980లలో తూర్పు ప్రాంతానికి వచ్చాను. అప్పట్లో వారాంతపు సెలవు గురు, శుక్రవారాలు. 2013 జూన్ నుంచి శుక్ర, శనివారాలైంది. ఉగాది ఏ రోజున వచ్చినా మనకి డ్యూటీయే. పచ్చడి, పులిహోర ఏదున్నా తరువాత వచ్చే శుక్రవారమే.

ఇక రేడియో. ఇండియా టైముకీ మన టైముకీ రెండున్నర గంటల తేడా. అక్కడ ఉదయం ఏడున్నరకి పంచాంగ శ్రవణం అనుకుంటే ఇక్కడ తెల్లవారి ఐదు. కంపెనీ బస్సు ఎక్కే హడావిడి. లేచి కూర్చున్నా వినపడేది కాదు. ఎందుకో చెబుతాను. విజయవాడ 837, హైదరాబాదు 738 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్. పగటిపూట ఎండకి ఆకాశంలో కింది పొర ఒకటి తయారై ఈ తరంగాలని మింగేస్తుంది. సూర్యుడు అస్తమించాక ఆ పొర కరిగిపోతుంది, తరంగాలు పై పొరకి తగిలి దూరదేశాల్లో దిగుతాయి. హైదరాబాదు నుంచి దమ్మాం సుమారు 3 వేల కిలోమీటర్లు. మనకి ఐదయ్యేసరికి అక్కడ ఎండ వచ్చేసి ఉండేది. అదే రాత్రి, అక్కడ తొమ్మిదిన్నర అంటే ఇక్కడ ఏడు. రెండు చోట్లా చీకటి. అప్పుడు హైదరాబాదు షార్ట్‌వేవ్ 4800 మీద ముల్లు మెల్లగా తిప్పితే, గరగర మధ్యలో తెలుగు మాట పైకి తేలేది.

ఇందువల్ల ఒక విచిత్రం జరిగింది. గల్ఫ్ తెలుగు వాళ్ళకి ఉగాది రేడియోలో ఒక సగమే అందింది. రాత్రి కవి సమ్మేళనం విన్నాం, ఉదయం పంచాంగం వినలేదు. ఆ మిగతా సగం క్యాసెట్లో వచ్చేది! ఇంటి దగ్గర ఎవరో ఒకరు టూ-ఇన్-వన్‌లో రికార్డు బటన్ నొక్కి పట్టేవారు. సెలవు మీద వెళ్ళి తిరిగొచ్చేవాడి సూట్‌కేసులో ఆవకాయ పక్కన ఆ క్యాసెట్ ఉండేది. మేం దాన్ని వినేసరికి చైత్రం పోయి వైశాఖమో, జ్యేష్ఠమో. అయినా పదిమందిమి ఒక గదిలో కూర్చుని, వర్షాకాలం గురించి ముందుగా చెప్పిన జోస్యం శ్రద్ధగా వినేవాళ్ళం. నవ్వుకునేవాళ్ళం కూడా. ఆ క్యాసెట్లకి రెండో వైపున ఇంట్లో వాళ్ళ మాటలుండేవి. ఫోను నిమిషం ఖరీదు కూలివాడికి అందని రోజులు. చదువురాని తల్లి ఉత్తరం రాయలేదు, మాట్లాడగలదు. ఒక వైపు ఆకాశవాణి, రెండో వైపు అమ్మ.

ఏం మిగిలింది?

తొలి దశాబ్దాల్లో కార్యక్రమాలు ఎక్కువగా ప్రత్యక్షంగా సాగేవి. టేపు ఖరీదైన వస్తువు. వాడిన టేపు మీదే మళ్ళీ రికార్డు చేసేవారు. బీబీసీ కూడా ఇలాగే ఎన్నో పోగొట్టుకుంది. ఆకాశవాణి భాండాగారంలో దాచినవి దాచారు. కొన్ని సీడీలుగా వచ్చాయి. కానీ పండుగ రోజు ప్రసారం మొత్తం, అనౌన్సర్ మాటలతో, మధ్యలో వార్తలతో, వేళ తప్పిన గంటలతో సహా దాచడం ఏ సంస్థా పెద్దగా చేయలేదు. అది ఎక్కడైనా ఉంటే మామూలు ఇళ్ళల్లోని క్యాసెట్లలోనే ఉంది. గల్ఫ్‌కి పంపడం కోసమే రికార్డు చేశారు కాబట్టి, బహుశా మన దగ్గరే ఎక్కువ ఉండవచ్చని నా ఊహ.

ఇప్పుడు వినడం సులువే. ప్రసారభారతి వారి 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్‌లో విజయవాడ, హైదరాబాదు, విశాఖ స్టేషన్లు రియాద్‌లో కూడా స్పష్టంగా వస్తాయి. ఎండ అడ్డు లేదు. షార్ట్‌వేవ్ ప్రసారాలని ఆకాశవాణి ఇటీవలి సంవత్సరాల్లో బాగా తగ్గించుకుంది. 2020లో శార్వరి ఉగాది మార్చి 25న వచ్చింది. సరిగ్గా అదే రోజు ఇండియాలో లాక్‌డౌన్ మొదలు. ఇక్కడ రెండు రోజుల ముందే కర్ఫ్యూ పెట్టారు. గుడికి వెళ్ళే దారి లేక, పక్క గదికి కూడా పోలేక, ఎవరి ఫోన్లో వాళ్ళం పంచాంగం విన్నాం. ఆ ఏడు భద్రాచలం కళ్యాణం భక్తులు లేకుండానే జరిగింది. మాటతో పెళ్ళి చూపించడం ఎందుకు అవసరమో అప్పుడు మళ్ళీ తెలిసింది.

ఇక నా విన్నపం. 2017 జూలై నుంచి కుటుంబ సభ్యుల మీద నెలవారీ రుసుము వచ్చాక చాలా కుటుంబాలు ఇండియా వెళ్ళిపోయాయి. పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళు ఉన్నవాళ్ళు రిటైరై వెళ్తున్నారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మొదట చెత్తలోకి పోయేది క్యాసెట్ల పెట్టె. దయచేసి పారేయకండి. ఈ నాలుగు పనులు చేయండి:

1. క్యాసెట్ వెంటనే ప్లే చేయకండి. బూజు ఉందేమో చూడండి. పెన్సిల్‌తో ఒకసారి ముందుకీ వెనక్కీ తిప్పి టేపు వదులు చేయండి.

2. పనిచేసే క్యాసెట్ ప్లేయర్ నుంచి కేబుల్‌తో కంప్యూటర్‌కి ఎక్కించండి. వేవ్ ఫైల్‌గా ఒక కాపీ ఉంచుకుని, వినడానికి వేరే చిన్న కాపీ చేసుకోండి. రెండు వైపులా ఎక్కించండి. గరగర తీసేయాలని తొందరపడకండి, అసలు కాపీ ఎలా ఉన్నది అలాగే ఉండాలి.

3. ఏ స్టేషన్, ఏ సంవత్సరం, ఏ పండుగ, ఎవరు రికార్డు చేశారు అన్నది రాయండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళని ఈ వారమే అడగండి. సంవత్సరం తెలియకపోయినా భయం లేదు, పంచాంగ శ్రవణంలో సంవత్సరం పేరు చెబుతారు. అరవై ఏళ్ళకోసారే ఆ పేరు తిరిగి వస్తుంది కాబట్టి లెక్క తప్పదు.

4. ఆకాశవాణి కార్యక్రమాల మీద హక్కులు ఆకాశవాణివే. కనుక అందరికీ పంచి పెట్టకుండా భద్రపరచండి. అరుదైనది దొరికితే సంఘం ద్వారా ఆ స్టేషన్ వారికే ఒక కాపీ అందేలా చూద్దాం.

ఇంటి మాటలున్న రెండో వైపు మీ సొంతం, అది ఎవరికీ ఇవ్వనక్కర లేదు. కానీ దాన్ని కూడా ఎక్కించి పెట్టుకోండి. మాట్లాడిన వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. టేపు జీవితం కూడా ఇంకెన్నో ఏళ్ళు కాదు.